గుడ్డ కప్పిన బకెట్

వీధిలో అందరూ ఆమెను పోలీసమ్మ అంటారు. పాలవాడు పాలు పోస్తే ఓ చుక్క వేలిమీద వేసుకుని చూడందే గిన్నె లోపలికి తీసుకెళ్ళదు. భర్త పోయాక రెండొందల కోళ్ళ షెడ్డును ఇరవై ఏళ్ళు ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. ఆ మాటకొస్తే, అనుమానమే ఆమెకు అన్నం పెట్టింది.

చలి ముదిరింది. రోజుకి నూట డెబ్భై గుడ్లు వచ్చే షెడ్డు నూట యాభైకి దిగింది. ఇరవై గుడ్లు ఏమైనట్టు? కోళ్ళు అబద్ధమాడవు, ఇక మిగిలింది మనుషులే. కొడుకా, పొద్దెక్కితే గాని లేవడు. మిగిలింది కోడలు.

కాపు కాసిన మూడోరోజు తెల్లారగట్ల దొరికిపోయింది. బకెట్ మీద గుడ్డ కప్పి, అడుగులో అడుగేసుకుంటూ షెడ్డులోంచి వస్తోంది కోడలు.

"ఆ బకెట్లో ఏముంది?"

కోడలు ఉలిక్కిపడింది. "ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి గుడ్డెందుకే?"

లాగి చూస్తే నిజంగానే ఏమీ లేదు, అడుగున కాస్త తడి తప్ప. అయితే సరుకు అప్పటికే చేతులు మారిందన్నమాట! "మీ అన్నకి చేరవేస్తున్నావా?" అని కొడుకు ముందే నిలదీసింది. కోడలు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఖాళీ బకెట్ తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఆరోజే షెడ్డుకి తాళం పడింది, తాళంచెవి పోలీసమ్మ మెడలోకెక్కింది.

నాలుగు రోజుల్లో గుడ్లు తొంభైకి పడిపోయాయి.

దొంగని బయట పెడితే దొంగతనం పెరగడమేమిటి? తలుపు, జాలీ, పైకప్పు అన్నీ తడిమింది. మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్ళతొట్టి నిండుగా ఉంది. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఓ కోడి వచ్చి ముక్కు ముంచి, తల విదిలించి వెళ్ళిపోయింది. నీళ్ళు తాగని కోడి మేత ముట్టదు. మేత ముట్టని కోడి గుడ్డేం పెడుతుంది?

చలి మొదలైన రోజు "కోళ్ళకి గోరువెచ్చని నీళ్ళు పెడదామా అత్తయ్యా" అని కోడలు అడిగింది. "జోల కూడా పాడు" అని తనే ఎగతాళి చేసింది. బకెట్ అడుగున తడి గుర్తొచ్చి ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మర్నాడు తెల్లారగట్లే లేచి నీళ్ళు కాచింది. చన్నీళ్ళు కలిపి, మోచేతిమీద పోసుకుని చూసుకుంది. ఎవరైనా చూస్తారేమోనని బకెట్ మీద గుడ్డ కప్పింది. పెరడు సగం దాటిందో లేదో, వెనకనుంచి గొంతు.

"ఆ బకెట్లో ఏముందత్తయ్యా?"

"ఏం లేదు" అనబోయింది. కానీ గుడ్డ తీసేసింది. ఆవిరి పైకి లేచింది. మెడలోంచి తాళంచెవి తీసి, "తప్పు నాదేనమ్మా, ఇది నీ దగ్గరే ఉంచు" అంటూ చాపింది.

కోడలు తాళంచెవి ముట్టుకోలేదు. బకెట్ మాత్రం అందుకుంది.

"తాళం వేసింది మీరేగా, మీరే తియ్యండి. నీళ్ళు చల్లారిపోతున్నాయి."