జేజి పక్కన చెదిరిన ముఖం

నా చిన్నప్పుడు మా వీధిలో ఫొటో అంటే చావు ఫొటోయే. పెళ్లికి కూడా ఫొటో తీయించుకోని ఇళ్లవాళ్లు, మనిషి పోగానే సూళ్లూరుపేట స్టేషను దగ్గరున్న మా చిన్నాయన స్టూడియోకి పరిగెత్తుకొచ్చేవాళ్లు. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. నల్లగుడ్డ కప్పిన పెట్టె కెమెరాను, మూడుకాళ్ల స్టాండును మోసుకుని ఆయన వెళ్లేసరికి, పోయినవాళ్లకు స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పక్కకు ఒరిగిపోకుండా నడుముకు గుడ్డ కట్టి ఉంచేవాళ్లు. బతికినంతకాలం కెమెరా ఎరగని మనిషి అలా చచ్చాక దర్జాగా కూర్చుని ఫొటో దిగేది. మా ఇంటి వెనక గదిలో ఆ ఫొటోలు తాడుకు ఆరేసి ఉండేవి. వాటి కింద నుంచి వెళ్లేటప్పుడు నేను తలెత్తేదాన్ని కాదు. ఎత్తితే వాళ్లు చూస్తారని నా భయం.

ఒక ఏడు కార్తీకమాసంలో వాన పట్టుకుని వదల్లేదు. పక్కింటి అక్క అప్పుడు పురుటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఆ వానలోనే వాళ్ల జేజి పోయింది. జేజి అంటే అక్క వాళ్ల నాయన తల్లి. అక్కను చంకన వేసుకుని పెంచింది ఆమే. కడుపుతో ఉన్న మనిషి శవం దగ్గరికి రాకూడదని ఎంతమంది చెప్పినా అక్క వినలేదు. కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని జేజి చేయి పట్టుకుంది. ఫొటోలో కూడా అక్కడే ఉంటానంది. బయట వాన, లోపల పట్టపగలే చీకటి. మా వీధికి అప్పటికింకా కరెంటు రాలేదు. చిన్నాయన కెమెరా మూత తీసి, మనసులో అంకెలు చెప్పుకుంటూ చాలాసేపు అలాగే ఉంచి, మళ్లీ మూత పెట్టాడు. అంతసేపూ ఎవరూ కదలకూడదు. అక్క కదిలింది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆమె వెనక గోడకానుకుని నిలబడ్డ నేనూ కదిలాను. నాకు కాళ్ల మీద నిలకడ ఎప్పుడూ లేదు.

ఫొటో వచ్చింది. జేజి ముఖంలో ఒక్కొక్క ముడతా విడివిడిగా కనబడుతోంది. చుట్టూ ఉన్న చుట్టాలు కాస్త కాస్త అలుక్కుపోయారు. అక్క కూర్చున్న చోట చీర ఉంది, జేజిని పట్టుకున్న చేయి ఉంది, ముఖం ఉండాల్సిన చోట మాత్రం పొగ ఉంది. శవం పక్కన ముఖం చెదిరిన మనిషి ఆ వెనకే పోతుందని మా వైపు ఒక నమ్మకం. పరామర్శకు వచ్చిన ఒకామె ఫొటో చూసి, జేజి తోడు తీసుకుపోతుందో ఏమో అని నోరు జారింది. అక్క ఆ మాట విన్నది. ఏడవలేదు. చిన్నాయన వైపు తిరిగింది.

"అన్నా, నా మొగం యాడ పోయింది?"

"కదిలినావమ్మా, అంతే. బతికుండేవాళ్లు కదల్తారు. కదలకుండా నిలిచేది పోయినోళ్లే గదా" అన్నాడు చిన్నాయన. ధైర్యం చెప్పానని ఆయన అనుకున్నాడు. ఆ మాటే తర్వాత ఆయన కాళ్లకు అడ్డం పడింది.

నా సంగతి ఎవరూ గమనించలేదు. గోడ దగ్గర నా తల కూడా పొగే. ఆ సంగతి నేనొక్కదాన్నే చూశాను, ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనిపించింది.

పెద్దకర్మ అయిపోయినా ఆ కుర్చీని అక్కడి నుంచి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అక్క దానికెదురుగా గోడకు చేరగిలబడి కూర్చునేది. కంచం ముందు పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచేది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అక్క పమిట సర్దుకుని, ఎవరో పిలిచినట్టు, "వస్తా ఉండాను" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ తప్ప అక్కడేమీ లేదు. ఇంటికి పరిగెత్తుకొచ్చి మా అమ్మ కొంగులో దూరాను.

లోపల బిడ్డ కదలడం తగ్గిందని మంత్రసాని చెప్పిన రోజున అక్క వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి, చిన్నాయన చేతులు పట్టుకుంది. తన కూతురి ముఖం నిండుగా వచ్చేట్టు ఇంకొక ఫొటో తీయమంది. చూస్తేనైనా దానికి బతుకు మీద ఆశ పుడుతుందేమోనని ఆ తల్లి ఆశ. కానీ గడప దాటించి స్టూడియోకి పంపదట. కడుపుతో ఉన్న మనిషి మీద ఫొటో తీసేటప్పుడు భగ్గుమనే మెరుపు దీపం వెలిగించకూడదట. ఇంట్లో లాంతరు వెలుతురుకే తీయాలి. చిన్నాయన పాత పెట్టె ఆ వెలుతురుకు ఎంతసేపు మూత తెరిచి ఉంచాలో తలుచుకుంటేనే నవ్వొస్తుంది. ఆ వణికే మనిషి మళ్లీ పొగే అవుతుంది. తక్కువ వెలుతురులోనూ చిటికెలో బొమ్మ పట్టే చేతి కెమెరాలు మద్రాసులో పాతవి దొరుకుతాయని ఆయన విని ఉన్నాడు. మర్నాడే రైలెక్కాడు. నన్నూ తీసుకెళ్లాడు. కుదురుగా కూర్చోలేని మనిషి మీద కెమెరాను పరీక్ష చెయ్యాలి, అందుకు నీకంటే తగినవాళ్లు జిల్లాలో లేరన్నాడు.

మద్రాసు దుకాణంలో షాపాయన రెండు కెమెరాలు ముందు పెట్టాడు. ఒకటి తళతళా మెరుగుపెట్టినది. దాని గాజు కన్ను ఎంత పెద్దదంటే, ఎదురుగా నిలబడితే నా ముఖమంతా అందులో కనబడింది. రెండోది నల్లరంగు లేచిపోయి, అంచుల్లో ఇత్తడి బయటపడ్డ ముసలిది. దాని కన్ను కాస్త చిన్నది. కన్ను ఎంత పెద్దదైతే అంత వెలుతురు లాగుతుంది, పెద్దదే తీసుకోండని షాపాయన చెప్పాడు. చిన్నాయన తల ఊపాడు గాని డబ్బు తీయలేదు. తలుపు ఓరగా వెయ్యమని, నన్ను మూల చీకట్లో కూర్చోబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి కంటికి పెట్టుకుని చూశాడు.

ఆ తర్వాత నన్నూ చూడమన్నాడు. ఆ కెమెరాల్లో కన్ను పెట్టి చూసే కిటికీలో నడిమధ్య ఒక చిన్న పసుపు మరక ఉంటుంది. అందులో చూస్తే మనిషి ఇద్దరుగా కనబడతాడు. అసలు మనిషి ఒకడు, వాడి పక్కన పలచగా, గాలిలో తేలుతున్నట్టు ఇంకొకడు. ముందున్న చక్రం తిప్పితే ఆ పలచటివాడు మెల్లగా జరిగి వచ్చి అసలువాడిలో కలిసిపోతాడు. కలిసిన చోట ఆపితేనే బొమ్మ నిలుస్తుంది. మూల చీకట్లో నిలబడ్డ చిన్నాయన పక్కన ఆ రెండోవాణ్ణి చూసి నాకు ఒళ్లు జలదరించింది. మనిషి పోయాక మిగిలేది అదేనేమో అనుకున్నాను. గబగబా చక్రం తిప్పి ఇద్దర్నీ కలిపేశాను.

మెరుగుపెట్టిన కెమెరాలో ఆ మరక వెలిసిపోయింది. ఎండలో ఫరవాలేదు గాని, చీకట్లో రెండోమనిషి కనబడడు. ముసలిదాంట్లో స్పష్టంగా కనబడ్డాడు. చిన్నాయన ముసలిదే తీసుకున్నాడు. అంత పెద్ద కన్ను పూర్తిగా తెరిస్తే కనురెప్ప స్పష్టంగా నిలిచినా చెవి అలుక్కుపోతుందని, ఎక్కడ ఆపాలో కనబడనప్పుడు అది ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభమని రైల్లో నాకు చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. తిరుగు దారంతా కెమెరా కిటికీలోంచి తాటిచెట్లను రెండుగా చేసి ఒకటిగా కలుపుతూ కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు అక్క వాళ్లింటికి వెళ్లాం. లాంతరు దగ్గరగా జరిపి, చిన్నాయన గుమ్మానికి మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాడు. అక్క అసలు కదల్లేదు. కదిలే ఓపిక కూడా ఆమెలో ఉన్నట్టు లేదు. మర్నాడు ఫొటో చూసి మేమంతా సంబరపడ్డాం. కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. అక్క దాన్ని తీసుకుని, జేజి ఫొటో తెప్పించి, రెండూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది. ఉన్న కాస్త రంగూ ఆమె ముఖంలోంచి దిగిపోయింది.

"ఇద్దరం ఒకే మాదిరి నిలిచిపోయినాం. కదలకుండా నిలిచేది పోయినోళ్లేనంటివి గదన్నా."

చిన్నాయన చెప్పులేసుకుని బయటపడ్డాడు. ఇంటికి వచ్చి కెమెరాను ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అన్నం తినమంటే తినలేదు. ఆయన అంత దిగులుగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. సాయంత్రం మళ్లీ కెమెరా తీసుకుని లేచాడు.

ఈసారి అక్క చేతికి ఒక విసనకర్ర ఇచ్చాడు. నన్ను ఆమె ఒళ్లో తల పెట్టి పడుకోమన్నాడు. పిల్లకు ఉక్కగా ఉంది, విసురుతూ ఉండమన్నాడు. ముఖం నిలవాలి, చేయి కదలాలి, అదీ ఆయన ఎత్తు. అక్క మాట కాదనలేక విసరడం మొదలుపెట్టింది. నా చెవి ఆమె కడుపుకు ఆనుకుని ఉంది. లోపల ఏదో చెరువు అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంది. నాకు భయమేసింది. అంతలో చెవి మీద ఒక్క తన్ను పడింది. నేను కెవ్వుమని తలెత్తాను. అదే క్షణంలో కెమెరా టిక్కుమంది.

మర్నాడు తడి ఆరకముందే చిన్నాయన ఆ ఫొటో తెచ్చాడు. అక్క ముఖం కిందికి వంగి, ఉలిక్కిపడి, నిండుగా ఉంది. విసనకర్ర ఉన్నచోట తెల్లటి జాడ మాత్రమే ఉంది. ఆమె ఒళ్లో, నా తల ఉండాల్సిన చోట, మళ్లీ పొగ. అక్క ఆ పొగ మీద వేలు పెట్టి, ఇదేంది అని నన్ను అడిగింది.

"నేనే. లోపలోడు తన్నినాడని లేచినా" అన్నాను.

అక్క వేలు తీయలేదు. ఆ పొగను చాలాసేపు నిమిరింది. ఆ తర్వాత లోపలికి తిరిగి, "అమ్మా, చేపల పులుసు ఏమన్నా మిగిలుండాదా?" అని అడిగింది. వాళ్లమ్మ వంటింట్లో ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ సాయంత్రమే చిన్నాయన జేజి కుర్చీని ఎత్తి పెరట్లో పెట్టాడు, ఎవరూ వద్దనలేదు.

అక్కకు కొడుకు పుట్టాడు. ఆమె ముసలిదయ్యేదాకా బతికింది. ఆ కొడుకు ఇప్పుడు మనవళ్లున్నవాడు, మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫొటో తెమ్మని, నా తల ఉన్న పొగను చూపించి ఇది నేనే అంటాడు. నేను కాదనను.

జేజి ఫొటో కూడా నా దగ్గరే ఉంది. అందులో నిలబడ్డవాళ్లలో ఎవరు పోయినా, ఇంటికి వచ్చి దాన్ని తీసి చూసేదాన్ని. నిలకడగా వచ్చినవాళ్లూ పోయారు, చెదిరినవాళ్లూ పోయారు, వరస అంటూ ఏమీ లేదు. ఇప్పుడు ఆ ఫొటోలో మిగిలింది గోడ దగ్గర పొగగా ఉన్న నేనొక్కదాన్నే. అబద్ధమెందుకు, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ భయమే. దీపం పెట్టాక ఆ పెట్టె తెరవను. ఇంట్లో ఏ శుభకార్యమైనా పిల్లలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నానమ్మా కదలొద్దు అంటూ ఫొటో తీస్తారు. నేను సరేనంటాను. తీసే క్షణంలో తలను కాస్త పక్కకు తిప్పుతాను. వాళ్లు విసుక్కుంటారు, మళ్లీ తీస్తారు, మళ్లీ తిప్పుతాను. కదలకుండా దిగాల్సిన ఫొటో ఒకటి నాకు ఎలాగూ ఉంది, దానికి ఇప్పట్నుంచే తొందరేమిటి.