ఎడమవైపు నీటికాకి

మొన్న అక్క నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసి, బావ సంవత్సరీకం దగ్గరికొస్తోందనీ, పటం కట్టించడానికి ఆయన ఫోటో మంచిదొకటి చూడమనీ అడిగింది. బావ కెమెరాలోని కార్డు అంతకుముందే ఎవరి చేతనో నాకు పంపించింది. వనపర్తిలో మా ఇంటి వరండాలో కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ రెండు పూటలు వెతికాను. కొంగలున్నాయి, నీటికాకులున్నాయి, చెరువుగట్టు మీద నా బట్టతల కూడా రెండు మూడు చోట్ల ఉంది. ఆయన మాత్రం ఎక్కడా లేడు. ఫోటోలు తీసేవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించమని చెప్పాల్సి వచ్చింది. అందులో ఎవరైనా పోలీసులకు దొరికినవాళ్ళలాగే ఉంటారు. బావ కూడా అంతే.

బావ మన్ననూరులో అటవీశాఖ జీపు నడిపి రిటైరయ్యాడు. అక్కడ పనిచేసిన ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ తన పాత కెమెరాను బావ చేతిలో పెట్టి పోయాడట. నల్లమలలో అన్నేళ్ళు తిరిగినా బావ పులిని మాత్రం ఒక్కసారీ ఫోటో తీయలేదు. ఎందుకు తీయలేదని అడిగితే, "పులి కనిపిస్తే స్టీరింగ్ పట్టుకుంటరా, కెమెరా పట్టుకుంటరా?" అనేవాడు. రిటైరయ్యాక నాగర్‌కర్నూల్లో చిన్న ఇల్లు కట్టుకుని, ఒక ప్రైవేటు బడికి వ్యాను నడపడం మొదలుపెట్టాడు. అడవి జీపు దిగి పిల్లల వ్యాను ఎక్కాక భయం ఇంకా పెరిగిందని నవ్వేవాడు. పిల్లలు ఆయన్ని డ్రైవర్ తాత అనేవాళ్ళు. ఆ పిలుపు వినడానికే పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరతాడని అక్క ఎగతాళి చేసేది.

నేను బళ్ళో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆదివారం మొదటి బస్సుకు నేను నాగర్‌కర్నూల్ పోతే, ఊరి చివర పెద్ద చెరువు గట్టు మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఎప్పుడైనా హుషారు పుడితే గద్వాల దాకా పోయి జూరాల ప్రాజెక్టు నీళ్ళ దగ్గర గడిపి వచ్చేవాళ్ళం. అక్కడికి చలికాలంలో రకరకాల పక్షులు వచ్చేవి గానీ బావకు వాటి మీద మోజు లేదు. ఆయనకు కావలసినవి రెండే. తెల్లకొంగ, నీటికాకి. ప్రతి ఆదివారం వాటివి చెరో ఫోటో తీసి, ఇంటికొచ్చాక రెండింటినీ టీవీలో పక్కపక్కన పెట్టి చూసేవాడు. ఒకటి అద్దం ముందునుంచి ఇప్పుడే లేచి వచ్చినట్టు తెల్లగా, నల్లటి కాళ్ళకు పసుపుపచ్చ పాదాలతో, మోకాలి లోతు నీళ్ళల్లో కదలకుండా నిలబడి ఉంటుంది. చేప దానంతట అది దగ్గరికి రావాలి. రెండోది నల్లగా, మెడ దాకా మునిగి, ఇక్కడ బుడుంగుమని మునిగి అక్కడెక్కడో తేలుతుంది. దాని ఈకలు నీళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి, తిండి అయ్యాక రాయెక్కి రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకుంటుంది. నేను పుస్తకంలో ఉన్నది చెప్పబోతే బావ చేయి అడ్డం పెట్టేవాడు.

"గట్ల కాదు బామ్మర్దీ. కొంగేమో సర్కారు నౌకరి. నిలవడ్డ కాడికే అన్నీ వస్తయి. నీటికాకి కూలోడు. మునగాలె, తేలాలె, మళ్ళ తడిసిన అంగీ ఎండేసుకోవాలె."

ఇందులో కొంగ ఎవరో, కూలోడు ఎవరో వేరే చెప్పాల్సిన పని లేదు. అక్క వంటింట్లోంచి, "పింఛన్ ఇద్దరికీ వస్తుంది గదా, ఇగ లొల్లేంది?" అనేది.

ఒక చలికాలం నుంచి టీవీ మీద కొంగలే ఎక్కువయ్యాయి. నేను పట్టించుకోలేదు. అలాంటి ఒక ఆదివారం నీటికాకి ఒకటి మా ఎదురుగానే మునిగింది. బావ కెమెరా అక్కడే గురిపెట్టి ఎదురుచూస్తున్నాడు. అది ఎడమవైపు తేలింది. నాలుగు బారల దూరంలో రాయెక్కి, రెక్కలు విప్పి, మెడ తిప్పి మావైపే చూస్తోంది. నేను ఊపిరి బిగపట్టాను. బావ కెమెరా తిప్పలేదు.

"ఇంకా లేవలేదేంది ఇది?" అన్నాడు కాసేపయ్యాక.

"ఎడమకు చూడు బావా."

ఆయన తల మొత్తం అటు తిప్పాడు, తలుపు తెరిచినట్టు మెల్లగా. అప్పుడు గానీ కనబడలేదు. పొద్దు కళ్ళల్లో పడిందన్నాడు. పొద్దు మా వీపుల వెనక ఉంది.

తిరిగి వస్తుంటే ఆయన బండి మీద నేను వెనక కూర్చున్నాను. ఎడమవైపు సందులోంచి ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. నేను అరిచేదాకా ఆయన బ్రేకు వేయలేదు. బండి ఆగాక ఇద్దరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆయన చాలాసేపు హెల్మెట్ తీయలేదు.

"పట్నంల కంటి దవాఖానల ఆర్నెల్ల కిందనే చెప్పిండ్రు. కంటి నరం ఎండిపోతుందట. పోయిన పక్కచూపు ఇగ రాదట," అన్నాడు. "ముందల మాత్రం మంచిగ కనిపిస్తది. రోడ్డు సీదనే ఉంటది గదా."

"పిల్లలు సీద రారు గదా బావా. పక్కలకెల్లి ఉరికొస్తరు."

"ఎండకాలం సెలవుల దాంక ఆగు. అటెన్క నేనే ఇడిసిపెడ్త. మీ అక్కకు చెప్పకు, పరేషాన్ అయితది. బామ్మర్దీ, ఇంట్ల కూసుంటే నేను బతుకనురా."

ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు. సోమవారం ఆ వ్యాను నడిచింది. మంగళవారమూ నడిచింది. ఆ రెండు రోజులూ పొద్దున బడివేళా సాయంత్రం బడివేళా నేను వనపర్తిలో ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఏం చేశాడన్నది పక్కన పెడితే, ఆ రెండు రోజుల తప్పు నాది. బుధవారం నాగర్‌కర్నూల్ పోయి, బడి పెద్దసారుకు చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, నన్ను మెచ్చుకోనూ లేదు. మంచినీళ్ళు తెప్పించి, మధ్యాహ్నానికల్లా బావ దగ్గర వ్యాను తాళాలు తీసుకున్నారు.

ఎవరు చెప్పారని బావ అడగలేదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్క మాత్రం, "ముందుగాల నాకు చెప్పకపోతివి తమ్మీ. నేనే ఒప్పిద్దును గదా," అంది. అక్కను నమ్మాలన్న ఆలోచన నాకు తట్టనే లేదు. ఆ తర్వాత ఏడాది పాటు బావ నాతో మాట్లాడలేదు. నేను పోతే లోపలి గదిలోకి పోయేవాడు. తెల్ల చొక్కా వేసుకోవడం మానేశాడని, పొద్దున బడి వ్యాను హారన్ వినబడగానే టీవీ శబ్దం పెంచుతాడని అక్క చెప్పేది.

ఒకరోజు, "నిన్ను రమ్మంటుండు," అని అక్క ఫోన్ చేసింది. పోయాను. చెరువుకు తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి ఎదుటి చూపు కూడా మసకబారింది. గట్టు మీద కూర్చున్నాక, ఏమున్నాయని అడిగాడు. తూటాకు పొదల అవతల కొంగ, రాయి మీద నీటికాకి ఉన్నాయని చెప్పాను. అది రెక్కలు ఎంత విప్పింది, ఏ వైపు తిరిగింది అని అడిగాడు. అన్నీ చెప్పాను.

"ఒక్కటి అడుగుత," అన్నాడు. "నువ్వు చెప్పకుంటే, సెలవుల దాంక ఏమన్న అయ్యేదా?"

"తెల్వదు బావా."

"నాకు గూడ తెల్వదు. గదే తిప్పలు."

దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అది నన్ను మన్నించడమో, గట్టు దిగడానికి ఆసరానో అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాను. వచ్చే ఆదివారం అడగొచ్చులే అనుకున్నాను. ఆ వారం మధ్యలోనే గుండెపోటుతో పోయాడు.

ఆ వ్యాను ఎక్కిన పిల్లలు ఇప్పుడు పొడుగయ్యారు. నాగర్‌కర్నూల్ బస్టాండులో ఒకరిద్దరు కనబడితే, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయా అన్నట్టు వాళ్ళ వంక చూస్తాను. ముసలాయన ఎందుకలా చూస్తున్నాడా అని వాళ్ళు పక్కకు జరుగుతారు. జరిగిన వాటికి కాలం ఎప్పుడో ఒకప్పుడు సాక్ష్యం చెబుతుంది. జరగకుండా పోయినవాటి గురించి మాత్రం, ఎన్నేళ్ళు కూర్చుని అడిగినా, నోరు విప్పదు.