మధు శనివారాలు

మధు లేడు.

నిన్న మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా వాళ్ళావిడ సుధ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. ఎత్తితే ఏడుపు తప్ప మాట వినిపించలేదు. కిచెన్‌లో టీ పెట్టుకుంటూ కూలిపోయాడట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయిందట. గుండెపోటు.

"ఏం మాట్లాడుతున్నావే, పొద్దున్నే కదా నాకు మెసేజ్ పెట్టాడు!" అని దాన్నే కసిరాను. ఏం చేయను, నోటికి అదే వచ్చింది.

తెలియనివాళ్ళకి చెప్తాను. మధు, నేను ఎమ్మెస్‌లో క్లాస్‌మేట్స్. నాది గుంటూరు, వాడిది వరంగల్. కాలేజీ రోజుల్లో వాడు యూనివర్సిటీ చెస్ టీమ్ కెప్టెన్. అమెరికా వచ్చాక అందరిలాగే సాఫ్ట్‌వేర్. హెచ్‌-1బి వీసా మీద ఇంకో పని చేయకూడదు కాబట్టి ఏళ్ళ తరబడి నోరు మూసుకుని కూర్చున్నాడు. గ్రీన్ కార్డ్ రాగానే రిజైన్ చేశాడు. ఇల్లు కొంటాడని మేమనుకుంటుంటే, వాడు ప్రొఫెషనల్ పోకర్ ప్లేయర్ అయి కూర్చున్నాడు.

"ఒరేయ్, బంగారంలాంటి చదరంగం వదిలేసి పేకాటేంట్రా?" అని తిట్టాను.

"చెస్‌ల పావులన్నీ కండ్ల ముంగటనే ఉంటయే. పోకర్‌ల సగం కనవడయి. ఆ కనవడనివాటితోని ఆడుడే నాకు మజా" అన్నాడు.

వాడికి మజా. మన బాతెల్ ఊళ్ళో తెలుగువాళ్ళకి మాత్రం పేకాటంటే కొంపలు ముంచేదే. అందులో మంచీ చెడూ ఉండవు.

శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ రూమ్‌లో మన పిల్లలకి ఫ్రీగా చెస్ నేర్పేవాడు. వాడి క్లాస్‌లో ఒక రూల్ ఉండేది. గేమ్ అయ్యాక ఎవరూ లేచి వెళ్ళకూడదు. ఇద్దరూ కూర్చుని ఆ ఎత్తులన్నీ మళ్ళీ వేసుకుంటూ మాట్లాడుకోవాలి. ఓడినవాళ్ళు ముందు మాట్లాడాలి, గెలిచినవాళ్ళు వినాలి.

మా అమ్మాయి అనన్య మొదట్లో ఓడిపోతే బోర్డు తోసేసేది. నా కోపమే వచ్చింది దానికి, ఎక్కడికి పోతుంది! ఒకసారి అలాగే తోసేస్తే, వాడు కింద పడ్డ పావులన్నీ ఏరి, దాని ఎదురుగా కూర్చుని, "చెప్పు బిడ్డా, నీకు కోపం ఎక్కడ షురూ అయింది?" అని అడిగాడు. అది ఏడుస్తూనే ఆ ఎత్తు చూపించింది. ఇద్దరూ అక్కడి నుంచి మళ్ళీ ఆడారు.

ఇంతలో వాడు చేసే పనేంటో ఎవరో కనిపెట్టి పేరెంట్స్ గ్రూప్‌లో పెట్టారు. తర్వాతి క్లాస్‌కి పెద్దవాళ్ళంతా వచ్చేశారు.

ఒకాయన లేచాడు. "మీరంటే గౌరవమేనండీ. కానీ గ్యాంబ్లింగ్ చేసేవాళ్ళ దగ్గరికి పిల్లల్ని ఎలా పంపిస్తాం చెప్పండి?"

నాకు ఒళ్ళు మండింది. లేవబోతుంటే మధు చేయి పట్టుకుని ఆపాడు.

"మీరు భయపడుడు తప్పు కాదండి. పిల్లలకు పేకముక్క సుత చూపియ్య, మాటిస్తున్న. వాళ్ళను మాత్రం మాన్పియ్యకుండ్రి."

బతిమాలాడు. అంత పొగరున్నవాడు ఒకరిని బతిమాలడం నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాతి శనివారం వచ్చింది మా అనన్య ఒక్కతే.

వాడు మాత్రం బోర్డులన్నీ పరిచి పెట్టాడు. "ఎవరన్న లేటుగ వస్తరేమో" అన్నాడు. ఆ తర్వాత కూడా ప్రతి వారం అన్నీ పరిచాడు. ఒక్క పిల్ల కోసం!

"మా ఇంటికే వచ్చి చెప్పొచ్చు కదరా" అంటే వినలేదు. "రూమ్ బంద్ చేస్తే, రేపు వాళ్ళు మళ్ల వద్దామనుకున్నా ఏడికొస్తరే?" అన్నాడు.

నిన్న సాయంత్రం నేను సుధ దగ్గర ఉండగా రే అనే పెద్దాయన వచ్చాడు. అమెరికన్. పోకర్ ఆడే కార్డ్ రూమ్‌లో మధుతో ఆడేవాడట. సోఫా అంచున కూర్చుని సుధని ఇంగ్లీషులో అడిగాడు. "తప్పుగా అనుకోకండి. మీ మతంలో శనివారం పేక ముట్టుకోకూడదా?"

మాకేం అర్థం కాలేదు.

ఆయనే చెప్పాడు. పోకర్ మీద బతికేవాళ్ళకి శనివారమే అసలు పంట. వారమంతా ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు సరదాగా ఆడటానికి ఆ రోజే వస్తారు. మధ్యాహ్నానికే టేబుల్స్ నిండిపోతాయి. ప్రొఫెషనల్స్ ఎవరూ ఆ రోజు వదులుకోరు. మధు ఒక్కడే రాడు. ఎందుకని అడిగితే, "శనివారం మా దేవుడి రోజు, ఆడను" అనేవాడట.

సుధ ఏడుస్తూనే నవ్వేసింది. "ఏం దేవుడక్కా! శనివారం క్లాస్‌కు పోయే ముంగట మంచిగ చికెన్ బిర్యానీ తిని పోతుండె."

మాతో ఒక్క మాట అనలేదు. నాకు వాడి మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. చెప్పి ఉంటే ఆ శనివారాలు మాన్పించేదాన్ని. అందుకే చెప్పలేదేమో వెధవ.

పొద్దున్నుంచి ఈ గ్రూప్‌లో దండం ఎమోజీలు వస్తున్నాయి. "మంచి మనిషి" అంటున్నారు. ఆ ఆటల టెన్షన్ వల్లేనా అని నన్ను విడిగా ఆరా తీసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరికీ ఇక్కడే జవాబు చెప్తున్నాను. వాడికున్న బెంగల్లా ఒక్కటే, మీ పిల్లలు తిరిగి రాలేదని.

రేపు శనివారం. లైబ్రరీ రూమ్ వాడి పేరు మీదే బుక్ అయి ఉంది. క్యాన్సిల్ చేద్దామంటే అనన్య ఒప్పుకోలేదు. "బోర్డ్స్ నేను సెట్ చేస్తా అమ్మా. కానీ నాతో ఎవరు ప్లే చేస్తారు?" అంది.

దానికి సమాధానం మీ ఇళ్ళల్లో ఉంది. పూలు తేవద్దు. పిల్లల్ని తీసుకురండి.

వెళ్ళిరారా మధూ. ఇక నువ్వు ఎవరినీ బతిమాలే పని లేదు, ఆ పని నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా నిద్రపో.