పుంగనూరు మలుపులో హారన్

పుంగనూరులో ఆ మలుపు వచ్చిందంటే ఇప్పటికీ నేను బస్సు కిటికీలోంచి బయటికి చూడను. పక్కన కూర్చున్నవాళ్లతో ఏదో ఒకటి మాట్లాడతాను. టమోటా రేటు గురించో, కోడలి గురించో. భయమా అని అడిగితే భయమే. దాచుకోవడానికేముంది?

మా అన్న గోవిందప్పకు జీపు పిచ్చి పట్టింది తొంభై ఆరులో. పిచ్చి అని నేను అంటాను కానీ వేరే ఎవరైనా అంటే ఊరుకోను. మాది మేకలమిట్ట. పెద్దపంజాణి దాటాక తారురోడ్డు వదిలి ఎర్రమన్ను మిట్ట ఎక్కితే వస్తుంది. ఎండాకాలం ఎద్దులబండి కూడా ఎక్కుతుంది. వాన పడిందా, ఇక చూసుకో. అన్నకు అప్పటికే ఒక పాత జీపు ఉండేది. తెల్లవారకముందే ఊళ్లోవాళ్ల టమోటా పెట్టెలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు జనాన్ని ఎక్కించుకుని పుంగనూరు మీదుగా మధ్యాహ్నానికి ఊరు చేరేవాడు. వెనక చక్రాలు మాత్రమే లాగే బండి అది. చినుకు రాలితే మిట్ట మొదట్లోనే చతికిలబడేది. అందరూ దిగి తోయాలి. ఒక్కోసారి పెట్టెలు నెత్తిన పెట్టుకుని మేమే కిందికి దిగేవాళ్లం. వేలంపాట అయిపోయాక మార్కెట్టు చేరిన టమోటాను ఆవులు తప్ప ఎవరూ ముట్టరు.

"నాలుగు చక్రాలూ లాగే బండి కావల్ల సరస్వతీ. అది లేకుంటే ఈ ఊర్లో బతకలేం" అన్నాడు ఒకనాడు, మోకాళ్ల దాకా బురదతో.

అంతే, ఆరోజు నుంచి మాకు ఇంట్లో ప్రశాంతత లేదు. మదనపల్లె షోరూముకు నన్ను కూడా తోడు తీసుకుపోయాడు. అక్కడి మనిషి నున్నగా నవ్వి, "ఫోర్ వీల్ అయితే బుకింగ్ రాసిపెట్టుకుంటాం. ఎప్పుడొస్తాదో మాత్రం నన్ను అడగొద్దప్పా" అన్నాడు. ముందు సర్కారు ఆఫీసులకు పోవాలట, తర్వాత క్వారీ ఓనర్లకు పోవాలట, మిగిలితే మాకట. "టూ వీల్ ది ఇప్పుడే ఇస్తా. బాడీ పొడుగు, పదిమంది ఎక్స్ ట్రా పడతారు" అని బుజ్జగించాడు. "పదిమంది ఎక్కేది తోసేదానికా?" అన్నాను నేను. ఆ నవ్వు అక్కడికి ఆగింది.

కుప్పంలో గ్రానైటు క్వారీ జీపు ఒకటి అమ్మకానికి ఉందంటే పోయాం. కొత్త పెయింటు నిగనిగలాడుతోంది. అన్న కిందికి దూరి చూసి, ఛాసిస్ విరిగితే అతికించి పైన రంగు పూశారని బయటికి వచ్చి చెప్పాడు. పోనీ అదైనా కొందామా, బాగు చేయించుకుందామా అని ఊరికి వచ్చి రెండు దినాలు తర్జనభర్జన పడి మళ్లీ పోతే, విరిగిన ఆ బండిని కూడా ఎవరో తోలుకుపోయారు. బైరెడ్డిపల్లెలో మిలిటరీ వాళ్లు వదిలేసిన జీపు ఒకటి చూశాం. కొండైనా ఎక్కేటట్టుంది కానీ పెట్రోలు నీళ్లలాగా తాగుతుంది. ఎక్కే బండికి మైలేజీ ఉండదు, మైలేజీ ఉండే బండి ఎక్కదు. రెండూ ఉన్నది మాకు దొరకదు. ఈ తిరుగుడుకు వదిన రెడ్డెమ్మ విసిగిపోయి, "నన్ను సూసేదానికి ఒక్కసారే వచ్చినాడు మీ అన్న. సంతకం పెట్టినట్టు సరే అనేసినాడు" అనేది.

అప్పుడు తెలిసింది పుంగనూరు బండి గురించి. లారీలకు బొమ్మలు వేసే ముక్తియార్ ఇంటి వెనక షెడ్డులో ఉందది. డీజిల్ ది, నాలుగు చక్రాలూ లాగుతుంది, తుప్పు అన్నదే లేదు. కానీ ఎంతమంది వచ్చి అడిగినా వాళ్లమ్మ రహీమున్నీసా ఇవ్వడం లేదు.

బండి ముక్తియార్ తమ్ముడు సాదిక్ ది. సాదిక్ కుప్పం క్వారీలకు బాడుగ తోలేవాడు. ఒకనాడు కుప్పం అవతల అడవి అంచున రోడ్డు పక్కన జీపు కనిపించింది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంది, తాళంచెవి బండికే ఉంది, సీటు మీద తువ్వాలు మడతపెట్టి ఉంది. సాదిక్ మాత్రం లేడు. ఏనుగులన్నారు, దొంగలన్నారు, ఎవతెతోనో పోయాడన్నారు. చెప్పు ముక్క కూడా దొరకలేదు. చచ్చిపోయాడని తల్లి దగ్గర అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మా వైపు ట్రిప్పు జీపులకు బోర్డులుండవు, హారనే బోర్డు. ఒక్కో డ్రైవరుది ఒక్కో కొట్టుడు. పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్లు కూడా శబ్దం విని, ఇది ఫలానావాళ్ల బండి అని చెప్పి చీర సర్దుకుని బయటికి వచ్చేస్తారు. సాదిక్ ఇంటికి వచ్చేటప్పుడు వీధి మలుపులో రెండు పొట్టివి, ఒక పొడుగుది కొట్టేవాడట. అది వినగానే తల్లి కూర వేడి చేసి కంచం పెట్టేది. రహీమున్నీసా పెట్టిన షరతు అదే. బండి ఎవరు కొన్నా పుంగనూరు వచ్చిన ప్రతిసారీ ఆ మలుపులో అట్లే కొట్టాలి. కలకడ నుంచి వచ్చినాయన సరే అన్నాడు కానీ, కొత్త ఎయిర్ హారన్ బిగిస్తానన్నాడట. చీపురు తీసుకుని తరిమిందట ఆమె.

మా అన్న స్టీరింగు ముందు కూర్చుని, ఆమె చెప్పినట్టే రెండు పొట్టివి, ఒక పొడుగుది కొట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

"రోజూ కొడతావా అప్పా?"

"కొడతానమ్మా. దాందేముండాది" అన్నాడు అన్న.

దాందేముండాది! ఆ మాట గుర్తొస్తే ఈరోజుకూ నాకు ఒళ్లు మండుతుంది. అన్ని నెలలు వెతికిన బండి కళ్ల ముందుంది, వెనకాల ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. ఆ తొందరలో హారన్ కొట్టడం ఒక లెక్కా అనుకున్నాడు. నేనూ అట్లే అనుకున్నాను.

బండి మాత్రం బంగారం. మొదటి వానకు ఊరంతా మిట్ట మీద నిలబడి చూసింది. అన్న పక్కనున్న ఫోర్ వీల్ లీవరు లాగి, బురదను చీల్చుకుంటూ, పూర్తి లోడుతో పైకి వచ్చేశాడు. ముసలి బాలప్ప తాత టపాకాయలు కాల్చమన్నాడు. ఆ ఏడు మేకలమిట్టలో ఒక్క పెట్టె టమోటా కూడా ఆవుల పాలు కాలేదు.

మలుపు సంగతి మాత్రం వేరు. ప్రతి మధ్యాహ్నం అన్న హారన్ కొట్టగానే ఆ తలుపు తెరుచుకునేది. రహీమున్నీసా పైట తలమీదికి లాక్కుంటూ గబగబా వచ్చేది. వచ్చి అన్నను చూసేది కాదు. పక్క సీటు చూసేది, వెనక కూర్చున్న ఒక్కొక్కరి ముఖమూ చూసేది. నేను ఎన్నిసార్లు ఆ బండిలో వచ్చానో, అన్నిసార్లూ ఆమె చూపు నా ముఖం మీద ఆగి, కాదని తెలిసి, జరిగిపోయింది. అంతా అయ్యాక అప్పుడు అన్న చేతికి కంచం ఇచ్చి, "తిను బేటా" అనేది. అన్న స్టీరింగు ముందే కూర్చుని తినేవాడు. వద్దంటే ఆమె బాధపడుతుందని ఆకలి లేకపోయినా తినేవాడు.

జ్వరమొచ్చినా పోవాల్సిందే. టమోటా లేని నెలల్లో కూడా ఖాళీ బండి తోలుకుని పుంగనూరు పోయి హారన్ కొట్టి వచ్చేవాడు. మాధవీలత, మా అన్న కూతురు, దాని పుష్పవతి ఫంక్షన్ రోజున కూడా బంధువులందరినీ పందిట్లో వదిలేసి పోయాడు. వదిన ఆరోజు ఏడ్చేసింది.

"ఆ బండిని నువ్వు కొన్నావా, ఆ యమ్మ నిన్ను కొనిందా?"

"నేను కొట్టకపోతే ఆ యమ్మ పొద్దంతా వాకిట్లోనే నిలబడుకోనుంటాదే. పానం పోతాది రెడ్డీ" అన్నాడు అన్న.

వదిన ముందు సీట్లో కూర్చోవడం మానేసింది. ఆ సీట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుందని అనేది. అదేం మాట అని నేను కసిరాను కానీ, నేనూ వెనకే కూర్చునేదాన్ని. ఖాళీ ముందు సీటుతో, వెనక కిక్కిరిసిన జనంతో తిరిగేది మా బండి. కుప్పం వైపు పెళ్లికి పిలిస్తే అన్న బస్సులో పోయేవాడు. ఆ అడవి దారిలో ఆ బండిని తోలడానికి చేతులు రావనేవాడు.

కాలం మారింది. రెండువేల నాలుగుకల్లా మా మిట్టకు తారు వేశారు. ఆటోలు కూడా ఎక్కేస్తున్నాయి. ఆ జీపుకు ఊర్లో పని తగ్గింది. బయట మాత్రం అట్లాంటి పాత బండి దొరకడం లేదని క్వారీలవాళ్లు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చేవాళ్లు. మంచి బేరాలు. అన్న ఒకటే అడిగేవాడు, పుంగనూరు మలుపులో హారన్ కొడతారా అని. వాళ్లు ముఖముఖాలు చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. నడుము నొప్పితో వంగిపోయి, ఎవరూ ఎక్కని బండిని, ఎవరికోసమో రోజూ తోలేవాడు మా అన్న.

రెండువేల ఆరులో గేరుబాక్సు పోయింది. మదనపల్లె గ్యారేజీలో బండి విప్పేశారు. సామాను ఎక్కడా దొరకలేదు, చాలా రోజులు పట్టింది. అన్న మంచానికి అతుక్కుపోయాడు. "ఆ యమ్మ ఏమైపోయిందో" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. సంగటి ముద్ద ముందు పెడితే చూస్తూ కూర్చునేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి కుడిచెయ్యి మోకాలి మీద కొట్టుకునేది, రెండు పొట్టివి, ఒక పొడుగుది. నేను చూడలేకపోయాను.

"లెయ్ అన్నా. బస్సులో పోదాం. బండి రిపేరులో ఉండాదని ఆ యమ్మకు నువ్వే చెప్పు. ఇంకెన్ని దినాలు ఇట్ల సస్తావు?" అని లాక్కుని బయలుదేరాను.

పుంగనూరులో దిగి ఆ వీధిలోకి నడిచాం. తలుపు తెరిచే ఉంది. ఆమె పోయిందేమో, లోపల జనం ఉంటారేమో అని తొంగిచూశాను. జనం లేరు. రహీమున్నీసా వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. తలకు నూనె రాసి దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. ముఖం తేటగా ఉంది. అన్నేళ్లలో ఆమె ముఖం అట్లా ఉండగా నేను చూడలేదు. పక్కన కంచంలో అన్నం, పైన మూత.

అన్న గడపలో నిలబడి, "అమ్మా, బండి చెడిపోయిందమ్మా. రాలేకపోయినాను. అది వచ్చినాక మళ్లీ రోజూ కొడతా" అన్నాడు.

"వద్దప్పా. ఇంక కొట్టద్దు" అందామె.

"కోపమా అమ్మా?"

"కోపం యాల? నువ్వు మంచోడివి. నువ్వు కొడతాండావే, అచ్చం వాని మాదిరే ఉంటాది. ఆ సద్దు వినబడతానే నేను పరిగెత్తి వస్తాను. వచ్చి సూస్తే నువ్వు. ఇన్నేండ్లూ రోజూ ఇదే కత." ఆమె నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు సద్దు లేదు. ఊరికే కూసోనుంటాను. వాడే నడిసి వస్తాండాడు. నువ్వు వచ్చినన్ని దినాలూ వాడు రాలేదప్పా."

లోపలి నుంచి ముక్తియార్ బయటికి వచ్చాడు. చేతులకు రంగు అంటుకుని ఉంది. ఏమీ అనొద్దన్నట్టు మాకు దండం పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లు! ఇల్లూ వాకిలీ, పెళ్లాం బిడ్డలూ అన్నీ వదులుకుని ఆ మలుపుకు కట్టుబడి ఉన్నాడు మా అన్న. "అమ్మా, ఈయన పేరు గోవిందప్ప. ఏనాడైనా అడిగినావా?" అని గట్టిగానే అన్నాను. "ఊరుకో సరస్వతీ" అన్నాడు అన్న. ఆమె నన్ను పట్టించుకోలేదు. ఎండ ఎంత దూరం వచ్చిందో చూసి, కంచం మీది మూత తీసింది.

"పక్కకు జరుగప్పా. వాకిలికి అడ్డం నిలబడుకోనుండావు. వాడొచ్చే యాళయింది."

అన్న చెప్పులు చేతిలోకి తీసుకుని గోడవారకు జరిగాడు. నేను వీధి వైపు చూశాను. మలుపు దాకా ఎండ తప్ప ఏమీ లేదు. రహీమున్నీసా నవ్వుతూ లేచి నిలబడింది. ఇక పోదాం పద అందామని అన్న వైపు తిరిగాను. అన్న మలుపు వైపే చూస్తున్నాడు. తర్వాత ఆ చూపు మెల్లగా కదిలింది, వీధి వెంట, ఇంటింటికీ, ఇంత దగ్గరికి. నేను భయంతో అన్న చెయ్యి పట్టుకున్నాను. మా అన్న ఇంకొంచెం పక్కకు జరిగాడు, ఒక మనిషి లోపలికి పోవడానికి దారి ఇస్తూ.