మామిడి బల్ల కింద పిండి

మా బామ్మర్ది ఆ మాట అన్నది మా ఇంట్లో అన్నం తిని చెయ్యి కడుక్కున్న తర్వాతే. "బావా, మీ ఇంట్ల కూసుందామంటే గడప దప్ప దిక్కు లేదు" అని నవ్వాడు. నా భార్య కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ ఆ రోజే మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. అతను మళ్ళీ వచ్చేలోగా ముందు గదిలో ఒక పెట్టె బల్ల ఉండాలనుకున్నాను. మీద కూర్చోవచ్చు, మూత ఎత్తితే లోపల బొంతలు పెట్టుకోవచ్చు.

కర్రకు కొదవ లేదు. న్యాల్‌కల్ వైపు మా చేలో కాపు తగ్గిన మామిడి చెట్టు ఉంది. దాన్ని కొట్టిస్తానని మా వీధి చివర వడ్రంగం చేసే వడ్లాయనకు చెప్పాను.

"జర ఆగు పటేలా. వెన్నెల దినాలల్ల కొట్టిన కట్టెకు పురుగు వడ్తది. అమాస రానీ. కొట్టినంక గూడ ఏడాది ఆరాలె."

"ఏడాదా?"

"మామిడి పటేలా, టేకు గాదు. దాంట్ల తీపి ఎక్కువ. పురుగుకు అదే గావాలె."

ఈయనే ఒకప్పుడు మా పడకగది తలుపు సగంలో వదిలి, ఎవరి పెళ్ళికో పట్టెమంచం చేయడానికి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు ఆ గుమ్మానికి దుప్పటి కట్టుకున్నాం. అది ఆయన ముఖం మీదే గుర్తు చేసి, "పని ఎగ్గొట్టనీకి చంద్రుని పేరు చెప్తున్నవ్. నా బల్ల నేనే చేసుకుంట" అన్నాను.

పున్నమికి రెండు రోజుల ముందు చెట్టు కొట్టించాను. కోత మిషన్ దగ్గర పలకలు కోయించి, నెలన్నర ఎండలో పెట్టి, వరండాలో నేనే చిత్రిక పట్టాను. మూత మూడుసార్లు వంకర పోయింది. దాన్ని పెట్టెకు పట్టి ఉంచే కబ్జాలు రెండుసార్లు విప్పి బిగించాను. చివరికి బల్ల నిలబడింది. ఉగాదికి బామ్మర్ది వచ్చాడు. దాని మీదే కూర్చుని, వెళ్ళేదాకా ఫోన్లో మాట్లాడాడు. బల్ల ఎవరు చేశారని కూడా అడగలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక ఉదయం ఊడుస్తూ నా భార్య కేకేసింది.

"ఇక్కడ జొన్నపిండి ఎవరు పారబోసిన్రు?"

వంగి చూశాను. బల్ల కాలి పక్కన చిటికెడు పిండి, తెల్లగా, మెత్తగా. పైన పలకలో గుండుసూది మొన పట్టేంత చిల్లు. పిండి ఊడ్చేసి, కిరోసిన్ తెచ్చి సూదితో ఆ చిల్లులోకి ఎక్కించాను. మర్నాడు ఇంకో చోట పిండి కనబడింది. ఆ నెలాఖరుకు చిల్లులు లెక్కపెట్టడం మానేశాను. బయట పారేద్దామంది ఆమె. పారేస్తే వడ్లాయన మాట నిజమైనట్టే. ఒప్పుకోలేదు.

కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన మధ్యాహ్నాలు, హైవే మీద లారీల చప్పుడు కాస్త సద్దుమణిగితే, బల్లలోంచి కిర్రు కిర్రుమని వినబడేది. అది నాకే వినబడుతోందా అని ఆమె ముఖం చూసేవాణ్ణి.

అసలు భయం ఈ ఏడాది ఎండాకాలంలో మొదలైంది. అన్నం ముందు కూర్చున్నాను. పప్పు మీద తెల్లగా ఏదో రాలింది. ఉప్పేమో అనుకుని వేలితో తీశాను. ఉప్పు కాదు. తల ఎత్తాను.

మాది మట్టి మిద్దె. నాలుగు టేకు దూలాలు, వాటి మీద వరసగా పరిచిన దంతెలు, ఆ సన్న కర్రల మీద మూరెడు మందాన మట్టి. వాన పడితే ఆ మట్టి నీళ్ళు తాగి రెండింతల బరువవుతుంది. సరిగ్గా దాని కింద నా భార్య మంచం.

ఆ రోజే మంచం గోడ వైపు జరిపాను.

"ఎందుకు జరిపినవ్?"

"గాలొస్తదని."

"అటు దిక్కు కిటికే లేదు గదనయ్యా!"

నిజం చెప్పలేకపోయాను. నా చేతుల్తో తెచ్చిపెట్టుకున్న పురుగు ఆమె నెత్తి మీదికి ఎక్కిందని ఎలా చెప్పను? రోజూ నిచ్చెన వేసి, ఫోన్ లైటుతో వెతికేవాణ్ణి. కింద నిలబడితే చిల్లులు కనబడేవి, పైకెక్కితే మసి తప్ప ఏమీ కనబడేది కాదు. మృగశిర దగ్గర పడుతోంది. ఒక రోజు మొదటి మబ్బు పట్టింది.

ఆ దూలాలు ఎక్కించింది వడ్లాయన తండ్రి. వాటి సంగతి తెలిసినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. వెళ్ళాను. ఆయన ఏదో గడప చెక్కుతున్నాడు.

"కూసో పటేలా. నా తాన బల్లలు లెవ్వు, కిందనే కూసో."

కూర్చున్నాను. చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వస్తానన్న మనిషి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ నాకు గుర్తే.

మూడో రోజు పొద్దున వచ్చి నిచ్చెనెక్కాడు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో దూలాన్ని పొడిచాడు. నా భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"దూలాలకు ఫికర్ లేదు. ఇనుము లెక్కున్నయ్" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఒక దంతెను పొడిచాడు. మొన పిడి దాకా దిగిపోయింది. మన్ను జలజలా రాలింది.

"ఇది పోయింది. గిది గూడ. దాని పక్కది గూడ."

"బల్ల నుంచే ఎక్కిందా?"

"బల్ల నుంచి ఎక్కిందో, పాతదై పుచ్చిందో, ఎట్ల జెప్త? గని బల్ల మాత్రం ఇంట్ల ఉండొద్దు. ఈ మూడు దంతెలు వానల కంటే ముందే మార్చాలె."

"తక్కినవి?"

"తక్కినవాటికి నేను జిమ్మదారి గాను పటేలా. పురుగు నాకు చెప్పి తింటదా?"

నా భార్య మంచం వైపు చూసింది, తర్వాత పైకి, తర్వాత నా వైపు.

"నీకు ఎప్పటి సంది తెలుసు?"

"ఎండాకాలం సంది."

"అంటే ఇన్ని దినాలు నేను దీని కిందనే..." ఆగింది. "ఆయన ముంగట చిన్నబోతవని నాకు చెప్పలే. గంతే గదా?"

వడ్లాయన నిచ్చెన మీద అటు తిరిగి, వినబడనట్టు కొలత తీసుకుంటున్నాడు.

బల్ల ఒక పక్క ఆమె పట్టుకుంది. "ఎత్తు" అంది. బొంతలతో సహా వీధిలోకి మోశాం. ఆమె బొంతలన్నీ దులిపి ఎండకేసింది. నేను బల్లకు నిప్పు పెట్టాను. మామిడి కర్ర చాలాసేపు అంటుకోలేదు.

నేను తిరిగొచ్చేసరికి వరండాలో చాప పరిచి ఉంది, దాని మీద ఆమె తలగడ.

"దంతెలు మార్చేదాంక నేను ఈడనే పంట. నువ్వు గూడ లోపట పండకు" అంది. వరండా పైన రేకులే. వాన పడితే జల్లు కొడుతుంది, ఇరుగుపొరుగు చూస్తారు, బామ్మర్దికి ఇంకో మాట దొరుకుతుంది. అవేవీ ఆమెతో అనలేదు. లోపలికి వెళ్ళి, పైకి చూడకుండా, నా తలగడ తెచ్చుకున్నాను.