కుళ్ళిన పండుగప్పతో మెడ వ్యాయామం

1996లో నన్ను మచిలీపట్నంలో ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. గాయానికి డ్రెస్సింగు చేయడం మాకు నేర్పారు గానీ, మనసుకు ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఓదార్చమనేవారు. నాకు ఓదార్పు చేతకాదు, వేళాకోళం బాగా వచ్చు.

ఆ వేసవిలో కృత్తివెన్ను వైపు నుంచి నాంచారమ్మను తెచ్చారు. గంపెత్తుకుని ఇంటింటికీ చేపలమ్మే మనిషి. కిరోసిన్ స్టవ్వు పేలి ఎడమ చెంప, మెడ కాలాయి. ప్రాణగండం గడిచాక ఎవరికీ కనబడకుండా మొహం గోడవైపు తిప్పేసుకుంది. అన్నం ముట్టదు, పలకరిస్తే పలకదు. ఒక్కసారి మాత్రం, "ఈ మొహంతో ఎవరి గుమ్మం ముందు గంప దించను?" అంది.

మెడ కాలినవాళ్లు తల అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. లేదంటే మానే చర్మం బిగుసుకుపోయి గడ్డాన్ని భుజం వైపు లాగేస్తుంది. ఆ పైన ఆపరేషనే గతి. డాక్టరుగారు బతిమాలారు, కోప్పడ్డారు. ఆవిడ ఉలకలేదు.

ఇక లాభం లేదని బజారుకెళ్ళి, పనిగట్టుకుని కుళ్ళిన పండుగప్ప చేపను కొన్నాను. అమ్మినావిడ నన్ను జాలిగా చూసింది. చేపను వార్డులోకి తెస్తే పుళ్ళు చీము పడతాయి. అందుకని గోడకు ఎదురుగా ఉన్న కిటికీ బయట, వరండాలో నిలబడి, ఇంత తాజా చేప జన్మలో కొనలేదని వార్డు ఊడ్చే ఆయమ్మ దగ్గర గొప్పలు పోయాను. ఆయమ్మ ముక్కు మూసుకుని అవునవునంది.

"కంపు ఇక్కడికొస్తుంది" అంది నాంచారమ్మ, గోడను చూస్తూనే.

"వాసనదేముంది, మొప్పలు చూసి చెప్పమ్మా" అన్నాను.

పళ్ళు బిగించి, కళ్ళ నీళ్ళు కారుతుండగా మెల్లగా తల తిప్పింది. చేపను, అమ్మినదాన్ని, కొన్న నన్ను కలిపి తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ పూట గంజి తాగింది.

మర్నాడు ఇంకో చేప, ఇంకాస్త ఎత్తులో. గడ్డం కూడా పైకి లేవాలి కదా. రోగి నోరు మరీ దురుసుగా ఉందని డ్యూటీ డాక్టరు ఫిర్యాదు చేస్తే, అది మెరుగుదల కింద రాసుకోమన్నాను.

కొన్నాళ్లకు నాంచారమ్మ నన్ను దగ్గరకు పిలిచింది.

"సిస్టరుగారూ, రోజూ కుళ్ళిన చేప కొనే పిచ్చిది బందరులో ఉండదండీ. నా మెడ కోసమేగా?"

నేను బుకాయించబోయాను.

"ఇంక మీరు కొనమాకండి. నేను ఇంటికెళ్ళాక మీ గుమ్మానికి నేనే తెస్తా" అంది.

ఆ తర్వాత వచ్చిన కొత్త నర్సులకు నేను చెప్పిందల్లా ఇదే: కాలిన రోగి తిడితే నొచ్చుకోకండి. నోరెత్తని రోగి దగ్గరే ఎక్కువసేపు నిలబడండి. ఓదార్చే ముందు, ఆ మనిషికి బాగా తెలిసిన పనేదో కనుక్కోండి.