జేజి చూసిన బట్టమేకలు

1976 డిసెంబరు 12, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ పదికి, చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విడవకముందే, ఈ సెలవుల్లో బట్టమేక పిట్టను చూడడానికి రోళ్లపాడు పోదామని నాయన అన్నాడు. ఆ టైము గుర్తుండి చెప్పడం లేదు, నా ముందున్న ఈ నలభై పేజీల నోటుబుక్కులో రాసి ఉంది. నిన్న బీరువా సర్దుతుంటే దొరికింది. విప్పగానే ఎండిన కొర్రగడ్డి పరక ఒకటి ఒళ్లో పడింది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాయన నంద్యాలలో బడిపంతులు. నాయన తల్లి, మా జేజి, ప్రతి ఏడూ క్రిస్మస్‌కు పదిహేను రోజుల ముందే ఆళ్లగడ్డ నుంచి శనక్కాయల మూటతో బస్సు దిగేది. దిగింది మొదలు ఆమె మాటలు, అమ్మ కజ్జికాయలు వేయించే నూనె వాసన, వాకిట్లో వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి మేము కట్టే నక్షత్రం, చలికి పెదాలు పగిలితే పూసుకునే వెన్న, అన్నీ కలిసి నాకు డిసెంబరు అనిపించేవి.

ప్రయాణం లెక్కంతా నువ్వే చూసుకోమని నాయన నాకు పెన్సిలు ఇచ్చాడు. నేను మూడు నియమాలు రాశాను. 28వ తేదీ మంగళవారం ఉదయం ఐదూ నలభై బస్సుకు పోవాలి. క్రిస్మస్ కొత్త బట్టలు వేసుకోరాదు, మట్టిరంగు పాతవే వేసుకోవాలి. పొలంలో మాట్లాడరాదు, మాట్లాడేవాళ్లు రానే రారాదు.

మూడో నియమం విని జేజి నవ్వింది. "ఏందిమే, నోరు మూసుకోని పోయేదానికి అదేమన్నా సావిల్లా? నేను పుట్టిందే ఆడ. కంట్లో పొర వస్తాండాది, వచ్చే యేటికి కనపడ్తాదో లేదో. ఒక్క తూరి చూడాల."

సరే, గోడ గడియారం కింద అరగంట మాట్లాడకుండా కూర్చుంటే రావచ్చు అన్నాను. జేజి కాళ్లు చాపుకుని శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. పదకొండో నిమిషాన వీధిలో ఆకుకూరల గంప పోయింది. "ఏమ్మా, గోంగూర వాడిపోయినట్టుందే" అని కేకేసింది. నేను ఆమె పేరు కొట్టేశాను. నాయన నా వైపు చూశాడు గానీ, పెన్సిలు ఇచ్చింది తనే కనుక పేపరు తెరిచాడు. జేజి రోళ్లపాడు పక్క పల్లెలో ఉన్న తన తమ్ముడి ఇంటి దాకా మాతో వచ్చి, మేము తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చునేటట్లు ఒప్పందమైంది.

28న తొమ్మిదీ ఇరవైకి జేజిని అరుగు మీద వదిలి, నాయనా నేనూ గడ్డిబీడులోకి నడిచాం. మోకాలెత్తు గడ్డి అంతా మంచుకు తడిసి, పావడా అంచు బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంటే, గడ్డి మీద తేలుతున్నట్టు తిరిగే గద్దలను, దూరంగా నిలబడి మమ్మల్నే లెక్కపెడుతున్నట్టు చూసే జింకల గుంపును, కాళ్ల దగ్గరే బుర్రున లేచే పూరేడు పిట్టలను చూసుకుంటూ, ఒక్క మాట లేకుండా మూడు గంటలు తిరిగాం. బట్టమేక మాత్రం లేదు. చిత్రాన్నం కూడా సైగలతోనే తిన్నాం.

పన్నెండున్నరకు బండికంటే ముందు జేజి గొంతు వినపడింది. తన తమ్ముడు కొర్రగడ్డి బండి తోలుతుంటే, ఆమె గడ్డి మీద కూర్చుని చిన్నప్పటి తగాదా ఏదో తేల్చుకుంటూ వస్తోంది.

"ఎన్ని చూస్తివి?" అనింది.

"ఒకటీ లేదు."

"నేను మూడు. ఎక్కుమే, చూపిస్తా. నడిచే మనిషిని చూస్తే అది ఆమడ దూరం పోతాది. ఎద్దులబండి దినామూ చూసేదే గదా, దానికి లెక్క ల్యా."

"ముందే ఎందుకు చెప్పలేదు జేజీ?"

"నోరు మూసుకోమంటివి గదా."

జేజి తమ్ముడు ఎంత నవ్వాడంటే ఎద్దులు ఆగిపోయాయి.

ఒంటిగంటా ఐదుకు, కోసిన కొర్రచేలో, యాభై అడుగుల లోపల, నల్ల టోపీ పెట్టుకున్నట్టున్న తలతో, తెల్లటి పొడుగు మెడతో, పరీక్ష హాల్లో తిరిగే హెడ్మాస్టరులాగా ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ నడిచింది నా బట్టమేక. జేజి మాట్లాడుతూనే ఉంది. అది తల కూడా తిప్పలేదు. చూసినంతసేపూ జేజి బాగున్న కంటికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నా భుజం పట్టుకుంది. ఆ రాత్రి మూడో నియమాన్ని నేనే కొట్టేశాను.

ఇప్పుడు అక్కడ అభయారణ్యమని బోర్డు ఉంది, బోర్డు మీద బట్టమేక బొమ్మ ఉంది. పోయిన జనవరిలో ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా కారులో తిరిగాను, ఒక్కటీ కనపడలేదు. కారులో ఎవరూ మాట్లాడలేదు. నోటుబుక్కు చివరి పేజీలో నిన్న లెక్క ముగించాను. బట్టమేకలు నాలుగు, జేజి చెప్పినవి మూడు, నేను చూసింది ఒకటి. కొర్రగడ్డి బండి ఒకటి. జేజి ఒకరు. మొత్తం పోయినవి ఆరు.